రాకెట్ లాంచరా, ఆర్‌సీఎల్లా? భుజం మీద పేల్చే పాత గొట్టాలను గుర్తుపట్టేదెలా?

ప్రశ్న: ఫొటోల_గోడ

అందరికీ నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధం నుంచి 1970ల దాకా వాడిన ట్యాంకు వ్యతిరేక ఆయుధాల మీద కాలేజీలో ఫొటో ప్రదర్శన పెడుతున్నాం. మొత్తం ఏడు ఫొటోలు, అన్నీ మ్యూజియంల్లో తీసినవే. ఒక్కోదాని కింద తెలుగులో మూడు నాలుగు వాక్యాలు రాయాలి. నా చిత్తుప్రతిలో ప్రస్తుతానికి ఏడింటికీ "రాకెట్ లాంచర్" అనే ఉంది. అది తప్పని తెలుసు గానీ ఎక్కడెక్కడ తప్పో తెలియడం లేదు.

1. సన్నటి పొడవాటి గొట్టం. కింద చెక్క స్టాకు. వెనక భాగంలో గొట్టానికి ఇనుప తీగ చుట్టి ఉంది.
2. పొట్టి గొట్టం, దాని ముందు పెద్ద తల. గొట్టం మీద ఎర్ర రంగులో జర్మన్ అక్షరాలు.
3. ముందు సగం తొట్టిలా తెరుచుకుని ఉంది, వెనక లావుపాటి గొట్టం, చివర భుజానికి ఆనించే దిండు లాంటి బట్. బోర్డు మీద "పియాట్" అని ఉంది.
4. ముక్కాలి స్టాండు మీద సన్నటి బ్యారెల్. వెనక కొంత భాగం మాత్రం లావుగా ఉంది. బోర్డు లేదు.
5. 84 ఎంఎం కార్ల్ గుస్తాఫ్.
6. నడుముకు చెక్క తొడుగు, కింద ఒకే పిడి. బోర్డు మీద "ఆర్‌పీజీ-7".
7. జీపు మీద 106 ఎంఎం.

అసలు సందేహాలు రెండు. రికాయిల్‌లెస్ అంటే తన్నకపోవడమే కదా, మరి బజూకా (అమెరికా రాకెట్ లాంచర్) కూడా తన్నదు, దాన్ని ఆ కోవలో ఎందుకు వేయరు? రెండోది, మన సైన్యంలో 84ను "ఆర్‌ఎల్" (రాకెట్ లాంచర్) అంటారు, 106ను "ఆర్‌సీఎల్" (రికాయిల్‌లెస్ తుపాకీ) అంటారు. రెండూ ఒకే జాతి అని ఒకచోట చదివాను. ఏది నిజం?

జవాబు 1: వెంచురీ

మీ రెండు సందేహాలకూ జవాబు గొట్టం వెనక చివర దొరుకుతుంది. ముందు నుంచి తీసిన ఫొటోలు చూడటానికి బాగుంటాయి గానీ గుర్తుపట్టడానికి పనికిరావు. వీలైతే ప్రతిదానికీ వెనక నుంచి ఒకటి, కుడి పక్క నుంచి ఒకటి తీయించుకోండి.

ముందు లెక్క చూద్దాం. తుపాకీ తన్నడం అంటే గుండు ముందుకు ఎంత ఊపుతో పోతుందో అంత ఊపు తుపాకీ వెనక్కి పుచ్చుకోవడం. 3 కిలోల గుండు సెకనుకు 250 మీటర్ల వేగంతో పోతోందనుకోండి. 3 × 250 = 750. ఆయుధం బరువు 14 కిలోలైతే, ఆ 750ని పద్నాలుగుతో భాగించండి: సెకనుకు సుమారు 53 మీటర్లు, అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగంతో అది మీ భుజం మీదికి రావాలి. కాబట్టి ఆ ఊపుకు సరిపడా మరేదో వెనక్కి పోవాలి. ఏం పోతోంది, ఎలా పోతోంది అనే దాన్నిబట్టే ఈ ఆయుధాల జాతులు తేలతాయి.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే అమెరికా నౌకాదళ అధికారి క్లీలాండ్ డేవిస్ ఒక మొరటు ఉపాయం పన్నాడు. రెండు తుపాకుల్ని వీపూ వీపూ కలిపినట్టు బిగించి, ముందు నుంచి గుండు పోతుంటే వెనక నుంచి అంతే బరువున్న సీసపు రవ్వలు, గ్రీజు పోయేలా చేశాడు. తన్నడం పోయింది గానీ వెనక నిలబడ్డవాడి గతి ఏమిటి? తర్వాతివాళ్లు సీసం మానేసి, మండిన మందు నుంచి వచ్చే వాయువునే వెనక్కి వదిలారు. వాయువు తేలిక, కాబట్టి చాలా వేగంగా పోవాలి, చాలా ఎక్కువగా పోవాలి. అందుకే ఈ తుపాకులు అదే సైజు మామూలు తుపాకీ కంటే కొన్ని రెట్లు ఎక్కువ మందు తింటాయి, అందులో పెద్ద భాగం గుండును తోయకుండా వెనక్కే పోతుంది.

ఇప్పుడు బజూకా. అందులో మందు గొట్టంలో కాదు, రాకెట్ లోపలే మండుతుంది. రాకెట్ తన వాయువును తనే వెనక్కి వదులుకుంటూ పోతుంది. గొట్టం దానికి దారి చూపించే పైపు మాత్రమే, లోపల ఒత్తిడి పెద్దగా ఉండదు. అసలు సిసలు రికాయిల్‌లెస్ తుపాకీలో మందు గొట్టంలోనే, తూటా తొడుగులో (కేసులో) మండుతుంది. గొట్టం ఆ ఒత్తిడిని తట్టుకోవాలి, వెనక నాజిల్ (వాయువు పోయే మూతి) ఆ వాయువును కొలత ప్రకారం వదలాలి. భుజానికి రెండూ ఒకటే. తయారుచేసేవాడికి మాత్రం పూర్తిగా వేర్వేరు వస్తువులు.

కాబట్టి చూడాల్సింది ఇది. రెండు చివరలా తెరిచి ఉన్న పలచటి తిన్నని గొట్టం, లోపల నున్నగా ఉంటే రాకెట్ లాంచర్ అయ్యే అవకాశం ఎక్కువ. వెనక తలుపులా తెరుచుకునే గరాటా గానీ, చిల్లులున్న బ్రీచ్ (తూటా పెట్టే వెనక భాగం) గానీ ఉండి, లోపల మెలికల గాడులు కనబడితే రికాయిల్‌లెస్ రైఫిల్.

మీ 1వ ఫొటో బజూకా, ఎమ్1ఎ1 రకంలా ఉంది. 1942లో వచ్చిన మొదటి ఎమ్1కు కింద రెండు పిడులు ఉంటాయి. ఎమ్1ఎ1లో ముందు పిడి తీసేశారు. లోపలి వ్యాసం 2.36 అంగుళాలు, మన లెక్కలో 60 మి.మీ. పొడవు దాదాపు 137 సెం.మీ. వెనక చుట్టిన తీగ అలంకారం కాదు: తొలి రాకెట్లు కొన్ని గొట్టంలోనే పగిలేవి, ఆ భాగాన్ని గట్టిచేయడానికి చుట్టారు. ఇంకో ఆనవాలు చెక్క స్టాకు. అందులో టార్చిలైటు బ్యాటరీలు ఉంటాయి, ట్రిగర్ నొక్కితే కరెంటు రాకెట్ తోకలోని తీగలకు వెళ్తుంది. ఎమ్1కు ఎడమ పక్కన చిన్న బల్బు కూడా ఉంటుంది, రాకెట్ పెట్టకుండా ట్రిగర్ నొక్కితే అది వెలగాలి. వెలగకపోతే బ్యాటరీ అయిపోయినట్టు. చలిలో, తడిలో బ్యాటరీలు మొండికేసేవి. అందుకే తర్వాతి ఎమ్9లో బ్యాటరీలు పీకేసి పిడిలో మాగ్నెటో (నొక్కితే కరెంటు పుట్టించే పరికరం) పెట్టారు. ఎమ్9 నడుము దగ్గర రెండు ముక్కలుగా విడిపోతుంది కూడా.

2వది పాంజర్‌ఫౌస్ట్, 1943లో వచ్చిన జర్మన్ ఆయుధం. చాలామంది దీన్ని రాకెట్ అంటారు, కానే కాదు. ఆ పెద్ద తలకు చెక్క తోక ఉంటుంది. ఆ తోక ఉక్కు గొట్టంలో దూరి ఉంటుంది, దాని వెనక నల్లమందు. మందు గొట్టంలోనే మండుతుంది, గొట్టం వెనక తెరిచి ఉంటుంది. అంటే నాజిల్ లేని, మెలికల గాడులు (రైఫ్లింగ్) లేని, ఒక్కసారి పేల్చి పారేసే రికాయిల్‌లెస్ తుపాకీ. పేరు పక్కనున్న 30, 60, 100 అంకెలు మోడల్ సంవత్సరాలు కావు, ఎన్ని మీటర్లలో కొట్టొచ్చో చెప్పేవి. తల వ్యాసం 15 సెం.మీ.కు దగ్గర, గొట్టం 30 రకంలో 44 మి.మీ., 60 రకంలో 50 మి.మీ. ఎర్ర అక్షరాలు "జాగ్రత్త! అగ్నిధార!" అని. వెనక ఎవరూ నిలబడకూడదని హెచ్చరిక.

జవాబు 2: స్ప్రింగు_శీను

3వ దాని గురించి. బ్రిటిష్ వాళ్ల పియాట్‌ను ఈ ప్రదర్శనలో పెట్టండి గానీ రికాయిల్‌లెస్ అని మాత్రం రాయకండి. ఈ ఏడింటిలో అది తన్నే రకం, అదీ గాడిద తన్నినట్టు.

దానిలో పెద్ద ఉక్కు స్ప్రింగు, లావుపాటి కడ్డీ ఉంటాయి. ట్రిగర్ నొక్కితే స్ప్రింగు కడ్డీని ముందున్న తొట్టిలోకి తోస్తుంది, కడ్డీ బాంబు తోకలోకి దూరి అక్కడున్న మందును పేలుస్తుంది. బాంబు ముందుకు పోతుంది. ఆ తన్నుతోనే కడ్డీ వెనక్కి వచ్చి స్ప్రింగును మళ్లీ బిగించాలి. మనిషి దాన్ని గట్టిగా భుజానికి ఆనించకపోతే స్ప్రింగు బిగుసుకోదు, అప్పుడు మళ్లీ చేత్తో ఎక్కించాలి. స్ప్రింగు దాదాపు 200 పౌండ్ల బలం అడుగుతుంది. నిలబడి, బట్ మీద రెండు కాళ్లూ వేసి, ఆయుధాన్ని తిప్పి పైకి లాగాలి. శత్రువు ఎదురుగా ఉండగా పడుకుని ఎక్కించడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. బరువు సుమారు 15 కిలోలు.

మరి దాన్ని ఎందుకు వాడారు? వెనక మంట లేదు. గది లోపల నుంచి, గోడ పక్క నుంచి, గుంతలోంచి పేల్చొచ్చు. పొగ తక్కువ, కాబట్టి పేల్చిన చోటు వెంటనే దొరకదు. మిగతా ఆరింటికీ లేని సుగుణం ఇది. వివరణలో ఈ తేడా రాస్తే చూసేవాళ్లకు రికాయిల్‌లెస్ అంటే ఏమిటో ఎదురు ఉదాహరణతో అర్థమవుతుంది.

మన దేశంతో ముడి కూడా ఉంది. 1944 జూన్ 12న మణిపూర్‌లోని నింగ్తౌఖాంగ్ దగ్గర 7వ గూర్ఖా రైఫిల్స్ సైనికుడు గంజు లామా మణికట్టు విరిగి, రెండు చేతులకూ కాలికీ గాయాలైనా పాకుకుంటూ 30 గజాల దగ్గరికి వెళ్లి పియాట్‌తో రెండు జపాన్ ట్యాంకులను కొట్టాడు. విక్టోరియా క్రాస్ వచ్చింది. 30 గజాలు అన్న అంకె వదిలేయకండి, ఆ ఆయుధం ఎంత దగ్గర నుంచి పనిచేసేదో అదే చెబుతుంది.

జవాబు 3: పాతఇనుము

4వది, వర్ణనను బట్టి, అమెరికా 57 ఎంఎం ఎమ్18. ఖాయం చేసుకోవడానికి వెనక ఫొటో కావాలి. బ్రీచ్‌లో తూటా కూర్చునే చోటు చుట్టూ వాయువు పోయే సందులు కనిపించాలి. వెనక భాగం లావుగా ఉండటానికి కారణం లోపలి తూటా. దాని ఇత్తడి కేసు నిండా వందల కొద్దీ చిల్లులు ఉంటాయి, జల్లెడ గిన్నెలా. మందు మండగానే వాయువు ఆ చిల్లుల్లోంచి కేసు చుట్టూ ఉన్న ఖాళీలోకి వచ్చి, అక్కడి నుంచి వెనక సందుల్లోంచి పోతుంది. ఆ ఖాళీ కోసమే చాంబర్ (తూటా కూర్చునే చోటు) లావు. పక్కనే కేసు పెట్టి ఉంటే దాన్ని తప్పకుండా ఫొటో తీయండి, ఒక్క చూపులో విషయం అర్థమయ్యే వస్తువు అది.

ఇంకో చిన్న వివరం గుండు నడుముకున్న పట్టీ. మామూలు ఫిరంగి గుండుకు ఆ రాగి పట్టీ నున్నగా ఉంటుంది. పేలినప్పుడు బ్యారెల్ గాడులు దాన్ని కోసుకుంటాయి, అందుకు చాలా ఒత్తిడి కావాలి. ఎమ్18లో అంత ఒత్తిడి ఉండదు. అందుకే పట్టీ మీద గాడులు ముందే చెక్కి పంపేవారు. మ్యూజియంలో గుండు విడిగా కనిపిస్తే పట్టీ చూడండి: ముందే గాడులుంటే ఈ జాతిదే.

బరువు 20 కిలోలు, పొడవు 156 సెం.మీ. భుజం మీదా పేల్చొచ్చు, బ్రౌనింగ్ మెషిన్‌గన్ ముక్కాలి మీదా పెట్టొచ్చు. మీ ఫొటోలోది రెండోది. 1945లో యుద్ధం ఆఖర్లో వచ్చింది. గురి బాగుండేది గానీ 57 మి.మీ. హీట్ గుండు సుమారు 75 మి.మీ. ఉక్కునే తొలిచేది. అప్పటికే ట్యాంకులు దాన్ని దాటేశాయి. చైనా దీన్ని నకలు కొట్టి టైప్ 36 అంది. బోర్డు లేదంటున్నారు కాబట్టి, ముద్రల్లో చైనా అక్షరాలున్నాయేమో చూసుకోండి.

ఫొటోల_గోడ

చాలా ఉపయోగం. శీను గారూ, పియాట్ సంగతి అసలు ఊహించలేదు. ఒక ఉపప్రశ్న: "హీట్" అంటే వేడితో కరిగించడమా? నా చిత్తుప్రతిలో "ఉక్కును కరిగిస్తుంది" అని రాశాను. అలాగే 5, 6 గురించి ఎవరైనా చెబుతారా?

జవాబు 4: ఎస్కిల్‌స్టూనా

"కరిగిస్తుంది" కొట్టేయండి. ఈ రంగంలో అందరూ చేసే తప్పు అదే. హీట్ అనేది "హై ఎక్స్‌ప్లోజివ్ యాంటీ ట్యాంక్" అనే ఆంగ్ల పేరులోని పొడి అక్షరాల కూర్పు, వేడికి సంబంధం లేదు. గుండు ముందు భాగంలో గరాటా ఆకారపు లోహపు గిన్నె, దాని వెనక పేలుడు పదార్థం. పేలగానే గిన్నె ముడుచుకుని సన్నటి లోహపు ధారగా చిమ్ముతుంది. ఆ ధార విపరీతమైన వేగంతో గుచ్చుకుని ఉక్కును పక్కలకు తోసేస్తుంది. "తొలుస్తుంది" సరైన క్రియ. గుండు వేగంతో దీనికి పని లేదు కాబట్టే, భుజం మీద నుంచి నెమ్మదిగా పోయే గుండు కూడా ట్యాంకును కొట్టగలిగింది. ఈ ఆయుధాల్లో చాలావరకు ఒకే దశాబ్దంలో పుట్టుకురావడానికి అసలు కారణం ఇదే.

ఇక 5. కార్ల్ గుస్తాఫ్‌ను స్వీడన్‌లో హ్యూగో అబ్రామ్సన్, హరాల్డ్ యెంట్జెన్ రూపొందించారు. ఎస్కిల్‌స్టూనా ఊళ్లోని కార్ల్ గుస్తాఫ్ రైఫిల్ ఫ్యాక్టరీ పేరే ఆయుధానికి వచ్చింది. వాళ్లు ముందు 20 మి.మీ. గొట్టంతో ఎమ్/42 అనే రికాయిల్‌లెస్ రైఫిల్ చేశారు, అది మామూలు గట్టి గుండుతో ఉక్కును గుచ్చే రకం, కాలం చెల్లింది. అదే సూత్రాన్ని 84 మి.మీ.కు పెంచి, హీట్ గుండు పెట్టి 1948లో సైన్యంలోకి తెచ్చారు.

ఫొటోలో చూడాల్సినవి: వెనక గరాటా లాంటి వెంచురీ ఉంటుంది, దానికి పక్కన కీలు. దాన్ని పక్కకు తిప్పి తూటా పెడతారు. కేసు అల్యూమినియం, అడుగున ప్లాస్టిక్ బిళ్ల. ఒత్తిడి ఒక స్థాయికి రాగానే బిళ్ల పగిలి వాయువు వెంచురీలోంచి పోతుంది. బిళ్ల ముందే పగిలితే గుండుకు వేగం రాదు, పగలకపోతే గొట్టానికి ప్రమాదం. ఆ బిళ్ల మందమే ఈ ఆయుధపు ప్రాణం.

మరి వెనకంతా వాయువు పోయే దారే అయితే ఫైరింగ్ పిన్ను ఎక్కడ పెట్టాలి? మధ్యలో పెడితే మంట దాని మీదుగానే పోయి దాన్ని తినేస్తుంది. అందుకే ప్రైమర్‌ను (పిన్ను తగిలితే మందును అంటించే బిళ్లను) కేసు అంచున, పక్కకు పెట్టారు. బ్యారెల్ కుడి పక్కన సమాంతరంగా సన్నటి గొట్టం ఒకటి కనిపిస్తుంది చూడండి. పిన్ను, స్ప్రింగు అందులో ఉంటాయి. తూటా ఎలా పడితే అలా పెడితే ప్రైమర్ పిన్ను ఎదురుగా రాదు కాబట్టి కేసు అంచుకు ఒక గాటు పెట్టారు. గాటు సరిగ్గా కూర్చుంటేనే వెంచురీ మూసుకుంటుంది.

బ్యారెల్‌లో 24 గాడులు. ఇక్కడో చిక్కు ఉంది: గాడులు గుండును గిరగిరా తిప్పుతాయి, తిరిగే హీట్ గుండులో ధార చెదిరిపోయి తొలిచే శక్తి తగ్గుతుంది. అందుకని గుండుకు జారే పట్టీ పెట్టారు. పట్టీ గాడుల వెంట తిరుగుతుంది, లోపలి గుండు నెమ్మదిగా తిరుగుతుంది.

రకాలు కలిపేయకండి. 1964 నాటి ఎమ్2 పూర్తి ఉక్కు, 14.2 కిలోలు. 1991 నాటి ఎమ్3లో పలచటి ఉక్కు గొట్టం చుట్టూ కార్బన్ ఫైబర్, 10 కిలోల లోపు. 2014 నాటి ఎమ్4లో లోపలి గొట్టం టైటానియం, 7 కిలోల లోపు. బ్యారెల్ పైభాగం లోహంలా నున్నగా ఉంటే ఎమ్2, నార చుట్టినట్టు ఉంటే ఎమ్3.

మన సైన్యంలో ఇది 1976 నుంచి ఉంది. ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు ఇక్కడే తయారుచేశాయి. పేరు "84 ఎంఎం ఆర్‌ఎల్", మార్క్ 2, మార్క్ 3. ఎమ్4 కోసం సాబ్ సంస్థ హర్యానాలోని ఝజ్జర్‌లో ఫ్యాక్టరీ పని 2024లో మొదలుపెట్టింది.

ఆర్‌ఎల్ అన్న పేరు గురించి: అది సరుకు జాబితాలోని పేరు. సాంకేతికంగా 84 రికాయిల్‌లెస్ రైఫిలే. అయితే పూర్తి అబద్ధం కూడా కాదు. 551 రకం హీట్ గుండులో గొట్టం దాటాక అంటుకునే చిన్న రాకెట్ మోటారు ఉంటుంది. గుండు గొట్టం దాటేది మాత్రం కేసులోని మందుతోనే. కాబట్టి "సైన్యంలో ఆర్‌ఎల్ అంటారు, నిర్మాణంలో రికాయిల్‌లెస్ రైఫిల్" అని రెండూ రాయండి. అక్కడ పనిచేసి వచ్చినవాళ్లు మీ ప్రదర్శనకు వస్తే "ఇది ఆర్‌ఎల్ కదా బాబూ" అంటారు, వాళ్లను తప్పనడానికి లేదు.

జవాబు 5: నల్లమందు

6వ ఫొటో బోర్డు తప్పు. అది ఆర్‌పీజీ-7 కాదు, ఆర్‌పీజీ-2.

ఆనవాళ్లు చెబుతాను, మీరే సరిచూసుకోండి. ఆర్‌పీజీ-7కు వెనక స్పష్టమైన గరాటా ఉంటుంది, నడుము దగ్గర గొట్టం కొంచెం లావెక్కుతుంది, ట్రిగర్ పిడి వెనకే ఇంకో పిడి ఉంటుంది, ఎడమ పక్కన దుర్భిణి తగిలించే పట్టా ఉంటుంది. ఆర్‌పీజీ-2 గొట్టం మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు, పిడి ఒకటే, మడిచే ఇనుప గురికమ్మీలు తప్ప దుర్భిణి లేదు. చెక్క తొడుగు రెండింటికీ ఉంటుంది, మ్యూజియం వాళ్లు దాన్ని చూసే పొరబడి ఉంటారు. గొట్టం వ్యాసం కూడా రెండింటికీ 40 మి.మీ.యే. టేపు పట్టుకుని కొలిచినా తేడా దొరకదు, ఆకారమే చూడాలి.

లోపలి తేడా ఇంకా పెద్దది. 1949 నాటి ఆర్‌పీజీ-2లో నల్లమందు, గొట్టంలోనే మండుతుంది, రాకెట్ లేదు. వెంచురీ గారు చెప్పిన పాంజర్‌ఫౌస్ట్‌కు తమ్ముడు, కాకపోతే గొట్టాన్ని మళ్లీ వాడొచ్చు. సెకనుకు 84 మీటర్ల వేగం, 150 మీటర్ల దూరం. 1961 నాటి ఆర్‌పీజీ-7 రెండు పనులూ కలిపింది: ముందు కొద్దిపాటి మందు మండి గుండును సెకనుకు సుమారు 117 మీటర్లతో గొట్టం దాటిస్తుంది, 11 మీటర్లు పోయాక రాకెట్ అంటుకుని వేగాన్ని 300కు దగ్గర చేస్తుంది. అంత దూరం పోయాక అంటుకోవడం పేల్చినవాడి ముఖం కాలకుండా. జర్మన్ పాంజర్‌ష్రెక్‌లో రాకెట్ గొట్టం దాటాక కూడా మండుతూ ఉండేది, తొలి రకంతో గ్యాస్ మాస్కు పెట్టుకోవాల్సి వచ్చింది, తర్వాత గొట్టానికే రేకు డాలు బిగించారు.

ఇంకో మాట. ఆర్‌పీజీ అంటే "రాకెట్‌తో నడిచే గ్రెనేడ్" అని రాయకండి. రష్యన్‌లో అది "చేతితో వాడే ట్యాంకు వ్యతిరేక గ్రెనేడ్ లాంచర్" అన్న మాటల పొడి అక్షరాలు. ఆర్‌పీజీ-2లో రాకెట్టే లేదు కాబట్టి ఆంగ్లంలో అల్లిన ఆ విస్తరణ దాని విషయంలో నిలబడదు.

జవాబు 6: పాతఇనుము

నల్లమందు అన్నకు చిన్న చేర్పు. రెండో పిడి లేదు కాబట్టి ఆర్‌పీజీ-7 కాదు అనే ఒక్క ఆనవాలు మీద తేల్చకండి. చైనా టైప్ 69 అనేది ఆర్‌పీజీ-7 నకలే, దానికి వెనక పిడి ఉండదు, పైన మోసే పిడి ఉంటుంది. గరాటా ఉందా లేదా అన్నదే ఆఖరి మాట. ఇక గరాటా లేకపోతే టైప్ 56 కూడా అయ్యుండొచ్చు, అది ఆర్‌పీజీ-2కు చైనా నకలు. వియత్నాంలో వీటినే బీ-40, బీ-41 అనేవారు. ఆ పేర్లతో బోర్డు కనబడితే బీ-40 అంటే 2, బీ-41 అంటే 7.

నల్లమందు

ఒప్పుకుంటున్నా. గరాటానే ముందు చూడాలి.

జవాబు 7: వెంచురీ

ఇవి ఎక్కడ దెబ్బతినేవో కూడా రెండు మూడు వాక్యాలు రాయండి. గొప్పలు మాత్రమే రాస్తే ప్రకటనలా ఉంటుంది.

మొదటిది వెనక మంట. ఆర్‌పీజీ-7 సోవియట్ మాన్యువల్ వెనక 90 డిగ్రీల మేర 30 మీటర్లకు పైగా ప్రమాద ప్రాంతంగా చెబుతుంది, వెనక గోడ 2 మీటర్ల లోపు ఉండకూడదంటుంది. గోడ దగ్గరుంటే వాయువు తగిలి తిరిగి పేల్చినవాడి మీదికే వస్తుంది. దుమ్ము నేల మీద పేలిస్తే లేచిన దుమ్ము చోటును పట్టిస్తుంది, ఒకసారి పేల్చాక అక్కడే ఉండటం ప్రాణాంతకం.

రెండోది అరుగుదల. వెంచురీ ఇరుకు భాగంలోంచి వేడి వాయువు పోయి పోయి లోహాన్ని తింటుంది. దారి వెడల్పయ్యే కొద్దీ వాయువు లెక్కకు మించి పోతుంది, తూకం చెడుతుంది: ఆయుధం ముందుకో వెనక్కో లాగడం మొదలవుతుంది. వేడి కూడా సమస్యే. అమెరికా 90 ఎంఎం రికాయిల్‌లెస్ రైఫిల్ ఎమ్67ను ఐదు గుండ్లు వెంటవెంటనే పేలిస్తే 15 నిమిషాలు చల్లారనివ్వాలి.

మూడోది గాలి. వెనక రెక్కలున్న రాకెట్ మండుతూ పోతుంటే పక్కగాలి తోకను నెడుతుంది, ముక్కు గాలి వచ్చే వైపుకు తిరుగుతుంది, రాకెట్ ఆ వైపుకే పోతుంది. మామూలు తూటాను గాలి తాను వీచే వైపుకు నెడుతుంది, ఇది దానికి ఎదురు. కొత్తవాళ్లు గురి తప్పడానికి ఇదో పెద్ద కారణం.

నాలుగోది తొలిచే శక్తి చాలకపోవడం. 1950 జూలై 5న కొరియాలో ఓసాన్ దగ్గర 2.36 అంగుళాల బజూకాతో ఉత్తర కొరియా టీ-34 ట్యాంకులను దగ్గర నుంచి, అదీ వెనక వైపు నుంచి 22 సార్లు కొట్టినా ఆగలేదు. ఆ తర్వాతే 3.5 అంగుళాల సూపర్ బజూకాలను హడావిడిగా అక్కడికి పంపారు. మీ 1వ ఫొటో కింద ఇది తప్పక ఉండాలి.

జవాబు 8: స్ప్రింగు_శీను

7వ దాని గురించి ఎవరూ చెప్పలేదు. అది భుజం ఆయుధం కాదు, దాని అసలు పేరు ఎమ్40, బరువు 200 కిలోలు దాటుతుంది. అయినా ఉంచండి, మన పాఠకులు ఆర్‌సీఎల్ అనగానే దాన్నే తలుచుకుంటారు. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ సెక్టార్‌లో, అసల్ ఉత్తర్ దగ్గర 4 గ్రెనేడియర్స్‌కు చెందిన అబ్దుల్ హమీద్ పాకిస్తాన్ పాటన్ ట్యాంకులను కొట్టింది జీపు మీది 106తోనే. 10వ తేదీన అక్కడే నేలకొరిగాడు, మరణానంతరం పరమవీర చక్ర. బ్యారెల్ పైన సన్నటి రైఫిల్ ఒకటి కనిపిస్తుంది: ముందు దాంతో గురిచూసే తూటా కాల్చి, అది తగిలిన చోట మెరుపు కనబడగానే పెద్ద గుండు వదిలేవారు.

ఇంకో సంగతి. 106 అని పిలిచినా అసలు బోరు 105 మి.మీ. అంతకుముందున్న 105 ఎంఎం ఎమ్27 గుండ్లతో కలిసిపోకుండా పేరును ఒకటి పెంచారు. టేపుతో కొలిచిన విద్యార్థి ఎవరైనా "తప్పు రాశారు" అంటే జవాబు సిద్ధంగా ఉంచుకోండి. ఈ 106 చేసే పని తర్వాత మిలన్, కొంకుర్స్ క్షిపణులకు వెళ్లింది. వాటిని తెలంగాణలోని భానూరులో భారత్ డైనమిక్స్ తయారుచేసింది.

ఫొటోల_గోడ

6వ ఫొటో పెద్దది చేసి చూశాను. గరాటా లేదు, గొట్టం మొత్తం ఒకే లావు. మ్యూజియం వాళ్లకు కూడా రాస్తాను. వివరణ ఇలా మార్చాను, చూడండి:

"ఆర్‌పీజీ-2 లేదా దాని చైనా నకలు టైప్ 56. గొట్టం 40 మి.మీ. మందు గొట్టంలోనే మండి, వాయువు వెనక నుంచి పోతుంది, రాకెట్ లేదు. సుమారు 150 మీటర్ల దూరం వరకు గురి."

ఒక చివరి ప్రశ్న: ప్రదర్శనలో పెట్టడానికి ఖాళీ గుండు ఒకటి ఇస్తామని ఒకరు అంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు 9: నల్లమందు

వివరణ బాగుంది. గుండు మాత్రం వద్దు. "ఖాళీ" అని ఎవరు, ఎలా తేల్చారు? ఆర్‌పీజీ-7 గుండు ముక్కులో పీజో స్ఫటికం ఉంటుంది, నలిగితే కరెంటు పుడుతుంది, దానికి బ్యాటరీ అక్కర్లేదు కాబట్టి ఏళ్లు గడిచినా చచ్చిపోదు. కింద పడితే చాలు. బయటి తుప్పును చూసి లోపల ఏముందో చెప్పడం ఎవరి వల్లా కాదు. పైగా ఆయుధ చట్టం ఉంది. అతని దగ్గర నిజంగా ఉంటే కదపకుండా పోలీసులకు చెప్పమనండి, వాళ్లు బాంబు నిర్వీర్య దళాన్ని పిలుస్తారు. ప్రదర్శనకు చెక్కతోనో థర్మోకోల్‌తోనో నమూనా చేయించండి. నిలువుగా సగానికి కోసినట్టు చేసి లోపలి గరాటా గిన్నెకు రాగి రంగు వేస్తే అసలు గుండు కంటే అదే బాగా అర్థమవుతుంది.

జవాబు 10: ఎస్కిల్‌స్టూనా

నమూనా చేయిస్తే 84 తూటాది కూడా చేయించండి. అడుగు బిళ్లను విడదీసే వీలుండాలి, కేసు అంచున గాటు, దాని పక్కన ప్రైమర్ కనబడాలి. చాలామంది నమూనాల్లో ప్రైమర్‌ను అలవాటుగా అడుగు మధ్యలో పెడతారు, వడ్రంగికి ముందే చెప్పండి.